బ్రేక్‌డ్యాన్స్‌కు పతకం.. ఆ తరువాత?

ఏలూరు: తెలుగు తెరపై బ్రేక్‌డ్యాన్స్‌కు ఆదరణ తెచ్చిన కథానాయకుడు చిరంజీవి స్వస్థలం పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరు. 1987లో విడుదలైన ‘పసివాడి ప్రాణం’లోని నృత్యం యువతను ఉర్రూతలూగించింది. ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల వార్షికోత్సవాలైనా, కొల్లేరు లంక గ్రామాల తిరునాళ్లయినా ఇటువంటి నృత్యానికి ఈలలు మోగుతూనే ఉంటాయి. ఆ నృత్యమే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ‘బ్రేకింగ్’ పేరుతో పతక క్రీడగా నిలిచింది.

సినిమా వేరు.. పోటీ వేరు

వెండితెరపై పాట ముందే తెలుసు, అడుగులు ముందే కూర్చుతారు. పోటీలో అలా కాదు. ఏ సంగీతం వినిపించాలన్నది డీజే ఇష్టం. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, వంతులవారీగా సుమారు నిమిషంపాటు అప్పటికప్పుడు ఆడాలి. నిలబడి వేసే అడుగులు, చేతులు నేలకు ఆనించి కాళ్లు తిప్పడం, తలపైనా వీపుపైనా గిరగిరా తిరగడం, చటుక్కున శిలలా ఆగిపోవడం ఇందులో ప్రధానాంశాలు. మెడ, మణికట్టు, భుజాలపై తీవ్రభారం పడుతుంది కనుక శిక్షకుని పర్యవేక్షణ లేని సాధన ప్రమాదకరం.

పారిస్‌లో తొమ్మిది మంది న్యాయనిర్ణేతలు నైపుణ్యం, అంశాల వైవిధ్యం, నిర్వహణ, సంగీతంతో మేళవింపు, స్వతంత్రత అనే ఐదింటికీ సమాన ప్రాధాన్యమిచ్చారు. మహిళల్లో జపాన్‌కు చెందిన అమి, పురుషుల్లో కెనడాకు చెందిన ఫిల్ విజార్డ్ స్వర్ణాలు గెలుచుకున్నారు.

2028లో లేదు

2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో బ్రేకింగ్‌కు స్థానం లేదు. పారిస్‌లో ఆస్ట్రేలియా క్రీడాకారిణి రేగన్ ప్రదర్శన నవ్వులపాలు కావడమే కారణమన్న ప్రచారం సరికాదు. అదనపు క్రీడలను ప్రతిపాదించే వీలు ఆతిథ్య నగరానికి ఉంటుంది. లాస్ ఏంజెలెస్ నిర్వాహకులు క్రికెట్, స్క్వాష్ తదితర ఐదు క్రీడలను ఎంచుకున్నారు. 2023 అక్టోబరులోనే, అంటే పారిస్ పోటీలకు ముందే, వాటికి ఆమోదం లభించింది.

అంతమాత్రాన ఈ క్రీడ ముగిసిపోలేదు. 2018 బ్యూనస్ ఎయిర్స్ యువ ఒలింపిక్స్‌లోనూ, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లోనూ పతకాలు ఇచ్చారు. 2026 డాకర్ యువ ఒలింపిక్స్ జాబితాలోనూ దీనికి చోటు దక్కింది. మన కబడ్డీ 1990 నుంచి ఆసియా క్రీడల్లో ఉన్నా ఒలింపిక్ పతక క్రీడ కాలేదు. అయినా పల్లెల్లో కూత ఆగలేదు. బ్రేకింగ్‌పై మక్కువ ఉన్న జిల్లా యువత సినిమా అడుగుల అనుకరణతో సరిపెట్టుకోక, తెలియని సంగీతానికి సొంతంగా ఆడే సాధన చేయడం అవసరం. ఏ ఒక్క క్రీడోత్సవాన్నో నమ్ముకుని చదువును పక్కన పెట్టకపోవడం అంతకంటే అవసరం.