ముదిమి వచ్చిన మోటారు బండి: దాని రోగములను కనుగొను విధము

మన పల్లెలలో నేటికిని అంబాసిడర్ బండ్లు కొన్ని తిరుగుచున్నవి. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి బండిని అనుసరించి, కలకత్తాకు చేరువనున్న ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు వీనిని 1950ల చివరి యేండ్లు మొదలు 2014వ సంవత్సరము వరకు తయారు చేసిరి. కావున వీనిలో మిక్కిలి పిన్నదానికి సయితము పదియేండ్లు దాటినవి. కొన్నిటి మీటరు 99,999 చూపి మరల సున్నకు వచ్చినది. ఎన్నిమారులు వచ్చినదో యజమానికే తెలియదు. అమ్మువాడు మీటరు చూపి “నలుబదివేలే తిరిగినది” అనినచో, మీరు మీటరును గాక బ్రేకు పెడలు మీది రబ్బరు ఎంత అరిగినదో చూడుడు. అది అబద్ధమాడదు.

ఇట్టి బండి గల యిండ్ల పిల్లలు మా తరగతులలో నున్నారు. వారిలో కొందఱి తండ్రులకు ఆ బండియే జీవనాధారము. బండి మొరాయించిన దినమున కూలి లేదు. బ్రేకు తప్పిన దినమున ప్రాణమునకే మోసము రావచ్చును. అయినను బండి యెందుకు చెడినదో విచారింపక, ముందుగా ఏదో యొక భాగమును మార్చి, అది పని చేయకున్న మఱియొకటి మార్చుట మన షెడ్లలో పరిపాటియైనది. మా యెఱుకలోని యొక టాక్సీ యజమాని బండి ప్రతి పది మైళ్లకు ఆగిపోవుచుండగా, ఒక షెడ్డువారి మాట నమ్మి క్రొత్త కార్బురేటరును కొనెను. బండి మరల పది మైళ్లకే ఆగెను. తప్పు పెట్రోలు ట్యాంకు మూతయందలి సన్నని రంధ్రములో నుండెను. దాని సంగతి ముందు చెప్పుదుము.

వైద్యులు చికిత్సకు పూర్వము ‘నిదానము’ అను దానిని చేయుదురు. లక్షణములను బట్టి రోగకారణమును నిర్ణయించుటయే నిదానము. యంత్రమునకును అంతియే. ఒక లక్షణమునకు రెండు మూడు కారణము లుండవచ్చును; వానిలో నొక్కొక్క దానిని తోసివేయు చిన్న పరీక్షను చేయుచు పోవలయును. ఒక పర్యాయమునకు ఒక్కటి మాత్రమే మార్చవలెను. రెండు కలిపి మార్చి బండి బాగుపడినచో, దేనివలన బాగుపడినదో ఎన్నటికిని తెలియదు. చేసిన ప్రతి పనిని తేదీతో నొక చిన్న పుస్తకములో వ్రాసి బండిలోనే యుంచుట మంచిది.

మొదట తెల్లవారగానే బండి లేవకుండుట. ‘సెల్ఫు’ లాగినప్పుడు ఏమి వినబడినదో అదియే మొదటి సాక్ష్యము. ముందరి దీపములు వెలిగించి సెల్ఫు లాగుడు. దీపములు పూర్తిగా మలిగిపోయినచో, బ్యాటరీలో సత్తువ లేదు, లేదా తీగలు బిగువుగా లేవు. దీపములు చెక్కు చెదరక వెలుగుచు, సెల్ఫు పలుకకున్నచో, దోషము సెల్ఫు స్విచ్చిలో గాని సెల్ఫు మోటారులో గాని యున్నదనుట. బ్యాటరీని నిందింపకుడు. మంచి బ్యాటరీ విశ్రాంతిగా నున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను తిరుగుచుండగా ఆల్టర్నేటరు గల బండిలో అది 14 వోల్టుల చేరువకు రావలెను. రాకున్నచో బ్యాటరీ జబ్బుపడలేదు, దానికి అన్నము పెట్టువారు లేరు.

ఇక్కడ మీరు చదివిన ఓమ్ సూత్రము అక్కఱకు వచ్చును. సెల్ఫు మోటారు 100 ఆంపియర్లకు తక్కువ కాని విద్యుత్తును లాగును. బ్యాటరీ కొనలపై పట్టిన పచ్చని చిలుము వలన ఓమ్‌లో ఇరువదవ వంతు నిరోధము కలిగినను, అచ్చటనే 5 వోల్టులు హరించుకొని పోవును. పండ్రెండింట అయిదు పోగా మిగిలిన యేడు వోల్టులతో మోటారు ఇంజనును త్రిప్పలేదు. హరించిన శక్తి వేడిగా మారును గనుక, సెల్ఫు లాగిన వెంటనే తీగల కొనలను చేతితో తాకి చూడుడు. ఏది వెచ్చగా నున్నదో అచ్చటనే దోషము. వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, గీకి, బిగించి, పైన కొంచెము వేసలైన్ పూసినచో చాలును. ఖర్చు రెండణాల సోడా అని మా తాతల కాలమువారు చెప్పియుందురు. నేడును బ్యాటరీ ధరతో పోల్చిన అది లెక్కకు రాదు.

సెల్ఫు చక్కగా తిరిగియు ఇంజను అంటుకొనకున్నచో, కారణము నిప్పు లేకుండుట గాని పెట్రోలు లేకుండుట గాని అయియుండును. నిప్పును ముందు చూడవలెను. ఒక ప్లగ్గు తీగను పొడిగుడ్డతో పట్టుకొని, దాని కొనను ఇంజను ఇనుమునకు పావు అంగుళము దూరమున నుంచి సెల్ఫు లాగించుడు. పెట్రోలు చింది యున్నచోట మాత్రము ఈ పరీక్ష చేయరాదు. నీలిరంగు నిప్పురవ్వ టపటప దూకినచో మేలు. పసుపుపచ్చగా, బలహీనముగా నున్నచో కండెన్సరు గాని పాయింట్లు గాని చెడినవి. పాత పెట్రోలు అంబాసిడరులో పాయింట్ల నడుమ సందు అంగుళములో వేయింట 15 వంతులు, ప్లగ్గు సందు వేయింట 25 వంతులు ఉండవలెను. ఫీలర్ గేజి అను సన్నని రేకుల కట్టతో దీనిని కొలుతురు. కంటితో ఊహించువారిని మేము నమ్మము. వానకాలమున డిస్ట్రిబ్యూటరు మూతలో చెమ్మ చేరుటయు తఱచు కారణమే. పొడిగుడ్డతో తుడిచిన క్షణములో బండి లేచును.

నిప్పు ఉన్నదని తేలిన పిమ్మట పెట్రోలును విచారింపుడు. కొన్ని మైళ్లు నడచి, దగ్గి, ఆగి, పావుగంట పిమ్మట ఏమియు ఎఱుగనట్లు మరల లేచు బండ్లు గలవు. ట్యాంకులోని పెట్రోలు తగ్గుచుండ ఆ చోటికి గాలి లోనికి రావలెను. మూతలోని రంధ్రము మూసికొనినచో లోపల శూన్యము ఏర్పడి, పంపు ఎంత పీల్చినను పెట్రోలు రాదు. బండి ఆగిన వెంటనే మూత తీయుడు. ‘సుయ్’మని గాలి లోనికి పోయిన శబ్దము వినబడినచో రోగము దొరకినది. మనము చెప్పిన టాక్సీకి మందు ఒక గుండుసూది. వేసవిలో మాత్రము మఱియొక కారణము గలదు. ఇంజను వేడికి గొట్టములోనే పెట్రోలు ఆవిరియై, ద్రవమునకు బదులు బుడగలు పంపునకు చేరును. పంపుపై తడిగుడ్డ కప్పి కొంతసేపు ఆగుటయే ఉపాయము.

పెట్రోలును గూర్చి యింకొక మాట. 2025వ సంవత్సరము నాటికి మన దేశములో నూటికి ఇరువది పాళ్లు ఎథనాల్ కలిపిన పెట్రోలు వాడుకలోనికి వచ్చినది. ఈ బండ్లలోని పాత రబ్బరు గొట్టములు దీనికొఱకు చేసినవి కావు. అవి మెత్తబడి ఉబ్బవచ్చును, లేదా బీటలు వాఱవచ్చును. గొట్టమును వంచి చూడగా పగుళ్లు కనబడినను, ఇంజను వద్ద పెట్రోలు వాసన వచ్చినను, ఆ దినమే మార్పించుడు. వేడి గొట్టముపై కారిన పెట్రోలుచుక్క బండినంతటిని దహింపగలదు.

రెండవ పెద్దరోగము ఇంజను మితిమీరి వేడెక్కుట. దీనికి మన ప్రాంతములలో ముఖ్యకారణము మన నీళ్లే. బావి నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని పొలుసు కట్టుట మీరు వంటయింట చూచియుందురు. ఆ సున్నపు లవణమే రేడియేటరులోని సన్నని గొట్టముల గోడలపై ఏండ్ల తరబడి పేరుకొనును. అది వేడిని దాటనీయదు. ఒకనాడు ఎండలో నిండు బరువుతో పోవుచుండగా ముల్లు ఎఱ్ఱగీటు దాటును. డ్రైవరు ఆగి మరల బావినీళ్లే పోయును! బ్యాటరీకి వాడు శుద్ధజలమునే, కూలెంటు కలిపి, దీనికిని వాడవలెనని మేము పలుమారులు చెప్పుచుందుము.

అయితే ప్రతి వేడికిని పొలుసే కారణము కాదు. ఇంజను ఆపి, ఫ్యాను బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూడుడు; అర అంగుళమునకు మిక్కిలిగా దిగినచో అది జాఱుచున్నది, ఫ్యానును నీటిపంపును సరిగా తిరుగుటలేదు. నిలిచియున్నప్పుడే వేడెక్కి, వేగముగా పోవునప్పుడు చల్లబడినచో గాలి చాలుటలేదు, అనగా ఫ్యాను దోషము. వేగముగా పోవునప్పుడే వేడెక్కినచో నీరు చాలుటలేదు, అనగా రేడియేటరు మూసికొనినది. ఈ యొక్క భేదమును గుర్తుంచుకొనినవారికి సగము పని తీఱును. కొందఱు మెకానిక్కులు థెర్మోస్టాటును పెఱికివేయుదురు. ఇది మాకు సమ్మతము కాదు. అది లేని ఇంజను చలిగాయుచు పరుగెత్తి, ఎక్కువ పెట్రోలు త్రాగి, త్వరగా అరుగును.

వేడెక్కిన రేడియేటరు మూతను ఎన్నడును తీయకుడు. మూత లోపలి నీటిని ఒత్తిడిలో నుంచును. ఒత్తిడిలోని నీరు నూరు డిగ్రీలకు పైన గాని కాగదు. మూత తీసిన క్షణమున ఒత్తిడి పడిపోయి, ఆ నీరంతయు ఒక్కసారి ఆవిరియై ముఖముపైకి లేచును. కన్నులు పోగొట్టుకొనుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు.

వేడెక్కిన ఇంజనును నడిపించుచునే పోయినచో హెడ్డు గాస్కెట్టు కాలును. అప్పుడు నీళ్లు తగ్గుచుండును, కాఱినజాడ బయట కనబడదు. ఆయిలు పాలుకలిపిన కాఫీవలె మాఱును. వెనుకనుండి తెల్లని పొగ ఆగక వచ్చును. పొగ రంగులను నేర్చుకొనుడు. నల్లపొగ పెట్రోలు ఎక్కువగుట. నీలిపొగ ఆయిలు కాలుట. నీలిపొగకు మరల రెండు కారణములు, రింగులు గాని వాల్వులు గాని. సిలిండరు ఒత్తిడిని కొలిచి, ప్లగ్గు రంధ్రమున ఒక చెంచా ఆయిలు పోసి మరల కొలువుడు. ఒత్తిడి పెరిగినచో ఆయిలు రింగుల సందును పూడ్చినది, కావున దోషము రింగులది. పెరుగకున్నచో వాల్వులది. వేలరూపాయల పనిని నిర్ణయించునది ఈ చెంచాడు ఆయిలు.

క్లచ్చి జాఱుట, గేరు కఱకఱలాడుట మొదలగునవి బండిని ఆపునే గాని మనిషిని చంపవు. వానిని మెకానిక్కునకు విడుతము. బ్రేకులు అట్టివి కావు.

పాస్కల్ సూత్రము మీకు తెలిసినదే. పాదముతో నొక్కిన ఒత్తిడి ఆయిలు ద్వారా నాలుగు చక్రములకు సమానముగా చేరును. ద్రవము కుదింపబడదు, గాలి కుదింపబడును. కావున పెడలు స్పంజివలె మెత్తగా నున్నచో గొట్టములలో గాలి చేరినది. రెండు మూడు మారులు నొక్కినమీదట పెడలు పైకి వచ్చినచో లైనింగులు అరిగి డ్రమ్మునకు దూరమైనవి. నొక్కిపట్టియుండగా మెల్లమెల్లగా క్రిందికి దిగిపోయినచో, ఎక్కడనో కాఱుచున్నది. చక్రముల లోపలి వైపున తడి చూడుడు. తడి లేకున్నచో మాస్టరు సిలిండరులోని రబ్బరు కప్పులు చెడినవి. అట్టి బండిని ఒక్క మైలు సయితము నడుపరాదు. పాత అంబాసిడరులో నాలుగు చక్రములకును ఒకే గొట్టపు వరుస గనుక, ఒక్కచోట తెగినను నాలుగును పోవును.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను త్రాగును. డాట్ 3 అను రకపు క్రొత్త ఆయిలు 205 డిగ్రీల వరకు కాగదు. నూటికి నాలుగుపాళ్లకు లోపుగా నీరు చేరినంతనే ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. శ్రీశైలము ఘాటుగాని, అరకు ఘాటుగాని దిగునప్పుడు మాటిమాటికి బ్రేకు నొక్కిన డ్రమ్ములు కాలి, ఆయిలు మఱిగి, బుడగలు పుట్టి, పెడలు నేలకు అంటును. నిన్నటి వఱకు బాగుగానున్న బ్రేకు నేడేల తప్పెనని అందఱు ఆశ్చర్యపడుదురు. రెండేండ్ల కొకమారు ఆయిలు మార్చుట, ఎక్కుటకు వాడిన గేరులోనే దిగుట, ఈ రెండును చేసినవారికి ఆ ఆశ్చర్యము కలుగదు. ఆ పాత్రలో ఇంజను ఆయిలు పోయువారు నేటికిని కలరు. దానివలన రబ్బరులన్నియు ఉబ్బి పాడగును. దారిలో పెడలు తప్పినచో, వెంటవెంటనే పలుమారులు నొక్కుచు, గేరు తగ్గించుచు, చేతిబ్రేకును క్రమముగా లాగవలెను; చేతిబ్రేకు ఆయిలుమీద ఆధారపడదు.

ఇవన్నియు బాగు చేయదగినవి. కాని అంబాసిడరునకు లారీవలె వేఱు చట్రము లేదు. దాని శరీరమే దాని చట్రము. తలుపుల క్రింది గుమ్మమును, జాకీ పెట్టు తావులను సుత్తితో మెల్లగా తట్టి చూడుడు. ఖంగున మ్రోగినచో ఇనుము మిగిలియున్నది. బొద్దుగా పలికి తుప్పు రాలినచో, ఆ బండికి ఇంజను మార్చుటకు అప్పు చేయుచున్న తండ్రిని ముందుగా ఆ సుత్తి చప్పుడు వినిపించి, పిమ్మట షెడ్డునకు పోనిండు.