ఈత నేర్వని ప్రాణదాత

ఇంగ్లండు తూర్పుతీరమున క్రోమరు పట్టణమందు పీతలను పట్టి జీవించిన హెన్రీ బ్లాగ్ చరిత్రము మన పాఠకులెరుగదగినది. ఇతడు 1894లో స్వచ్ఛందసేవకుడుగా రక్షకనౌకలో చేరి, 1909లో దాని నాయకుడై, 1947లో తన 71వ యేట విరమించెను. 387 పర్యాయములు కడలిపైకి వెడలి, తన బృందముతో 873 మందిని కాపాడెను.

1917 జనవరి 9వ తేదీన తుపాను చెలరేగెను. యువకులు యుద్ధమునకు పోయినందున నాటి బృందమున పెక్కురు వృద్ధులే. తెడ్ల నౌకతో వారొక గ్రీకు ఓడనుండి 16 మందిని గట్టు చేర్చి అలసియుండగా, మైను తగిలి రెండు తునుకలైన స్వీడను ఓడ కానవచ్చెను. తరంగములు వెనుకకు నెట్టినవి, తెడ్లు విరిగినవి. ఐనను మరల వెడలి 11 మందిని తెచ్చిరి.

బ్లాగునకు ఈత రాదు! కావున ఇది ఒక్కని భుజబలముచే గలిగిన విజయము గాదు. దృఢమైన నౌక, నిత్యాభ్యాసము, నాయకుని మాట జవదాటని బృందము, 1824లో స్థాపితమై ప్రజల విరాళములతో నడచుచున్న సంస్థ—ఇవి యతని వెనుక నిలిచినవి.

గోదావరిలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరుకడ విహారనౌక మునిగినపుడు, బ్రతికిన 26 మందిలో పలువురిని తీరగ్రామీణులే తమ పడవలలో పోయి రక్షించిరి. ధైర్యమునకు మనకు కొరతలేదు. ఆపద రాకమునుపే ఆ ధైర్యమునకు పడవయు శిక్షణయు సమకూర్చుట ఊరి పెద్దల విధియని మా యభిప్రాయము.