ఇంటిల్లిపాదీ ఇచ్చే ఉమ్మి

నిడదవోలు నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడ్డ కుటుంబమైనా సరే, ఆటిజం ఉన్న బిడ్డ ఉంటే ‘స్పార్క్’ జన్యు అధ్యయనంలో చేరవచ్చు. సైమన్స్ ఫౌండేషన్ 2016లో మొదలుపెట్టిందిది. పోస్టులో గొట్టాలొస్తాయి. బిడ్డా, అమ్మానాన్నలూ గీత దాకా ఉమ్మి, తిరిగి పంపాలి. పసివాడికి ఉమ్మడం చేతకాకపోతే బుగ్గలోపల స్పాంజితో అద్దుతారు.

అమ్మానాన్నలవెందుకు? బిడ్డ జన్యువులో మార్పు వాళ్ల నుంచి వచ్చిందా, కొత్తగా పుట్టిందా అన్నది ముగ్గురివీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది. 2020లో వెలువడిన ఓ పెద్ద అధ్యయనం ఆటిజంతో ముడిపడిన 102 జన్యువులను గుర్తించింది. పెంపకం లోపమంటూ తల్లిని ఆడిపోసుకునే చుట్టాలు వినాల్సిన సంగతి!

మేనరికాలున్న మన ఇళ్లలో ఇంకో చిక్కు. భార్యాభర్తలిద్దరూ ఒకే జన్యు లోపాన్ని మోస్తుంటే, అది ఇద్దరి నుంచీ బిడ్డకు చేరవచ్చు. పరీక్ష చేయించాలనుకుంటే, నిడదవోలు జంక్షన్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ అక్కడే ఉంది. అయితే పరీక్ష చేయించినా, చాలామందికి ఫలానా జన్యువే కారణమన్న జవాబు దొరకదు.