పొడుగు కామ దోకుడుపార: నడుమునకు నెమ్మది, పెరటికి మేలు

బస్తరు ప్రాంతమున జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలు దట్టముగా కురియును. ఆ వానలకు ఇంటి చుట్టునున్న దడి కట్టిన పెరడు కొలదిదినములలోనే పచ్చగా కమ్ముకొనును. అక్కడివారు ఈ నేలను ‘బాడీ’ యందురు. ఇల్లాలు విత్తిన బెండ, చిక్కుడు, గోంగూర, మొక్కజొన్న ఒకవంక మొలకెత్తుచుండగనే, తుంగయు గరికయు వానికంటె వేగముగా పెరిగి నీటిని, ఎరువును, వెలుతురును దోచుకొనును. వారమునకొకమారు మాత్రమే సంత జరుగు పల్లెలలో పెరటి కూరయే పిల్లలకును, గర్భిణులకును నిత్యము దొరకు కూర. కావున కలుపు తీయుట సేద్యపు పని మాత్రమే కాదు. అది కుటుంబ ఆరోగ్యమునకు సంబంధించిన పని.

ఈ పని చాలవరకు స్త్రీలదే. చేతిలో మూరెడైనను లేని పనిముట్టుతో, గొంతుకూర్చుండియో నడుము వంచియో వారు గంటలకొలది కలుపు తీయుదురు. సాయంకాలమునకు నడుము పట్టివేయుట సహజమేయని ఓర్చుకొందురు. నొప్పికి కారణము వయస్సో బలహీనతయో అని పలువురు తలతురు. తరచుగా అసలు కారణము పనిముట్టు కామ పొట్టిగా నుండుటయే.

వంగినప్పుడు జరుగునదేమి?

మనిషి నిటారుగా నిలిచినప్పుడు మొండెము బరువు వెన్నెముక మీదుగా నేరుగా తుంటికి దిగును. ముందుకు వంగినప్పుడు ఆ బరువు ముందుకు వ్రేలాడును. దానిని పడనీయక పట్టి ఉంచునవి వెన్నెముక వెంబడి నుండు కండరములు. త్రాసులో ఒకవైపు కాడ పొడుగుగాను, రెండవవైపు పొట్టిగాను ఉన్నచో, పొట్టివైపున ఎన్నోరెట్లు బరువు వేసినగాని అది సరితూగదు. వెన్ను కండరములు ఆ పొట్టివైపున ఉన్నవి. కావున అవి మొండెము బరువునకు ఎన్నోరెట్ల బలముతో లాగవలసివచ్చును. ఆ ఒత్తిడి అంతయు వెన్నుపూసల నడుమ గల మెత్తని బిళ్ళలమీద పడును. గొంతుకూర్చుండి చేసినచో నడుమునకు కొంత ఊరట కలిగినను, మోకాళ్ళకు బాధ తప్పదు.

ఇది ఒక్క మన దేశపు సమస్య కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున వ్యవసాయ కూలీలు పొట్టి కామ పారతో దినమంతయు వంగి పనిచేసెడివారు. దానివలన నడుము శాశ్వతముగా చెడునని వైద్యులు సాక్ష్యమిచ్చిరి. పొడుగు కామతో పైరు పాడగునని భూస్వాములు వాదించిరి. తుదకు ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి 1975లో పొట్టి పార నిషేధింపబడెను. దానివలన అచటి పంటలు ఆగిపోలేదు.

పనిముట్టు ఎట్లుండవలెను?

ఇందుకు ఖరీదైన యంత్రము అక్కరలేదు. బస్తరు ఇనుప పనికి పేరుగన్న సీమ. సంతకు వచ్చు కమ్మరి, నాలుగైదు అంగుళముల వెడల్పు గల పలుచని పలకను సులభముగా సాగగొట్టగలడు. కామకు తేలికైన, గట్టి వెదురు చాలును. కాని మూడు సంగతులు గమనింపవలెను.

మొదటిది కామ పొడవు. నేలమీద నిలిపినప్పుడు అది భుజమునకును గడ్డమునకును నడుమ వరకు రావలెను. ఇంటిలో పలువురు వాడినచో పొడవైనవారికి తగినట్లు చేయించుట మేలు. పొడుగు కామను పొట్టివారు క్రిందుగా పట్టుకొనవచ్చును. పొట్టి కామను సాగదీయుట సాధ్యము కాదు.

రెండవది పలక వాలు. మనిషి నిటారుగా నిలిచి కామను పట్టినప్పుడు, పలక అంచు నేలకు ఇంచుమించు సమముగా ఆనవలెను. వాలు సరిగా లేనిచో కామ ఎంత పొడవైనను నడుము వంచక తప్పదు.

మూడవది పదును. మొద్దు పలకకు బలము ఎక్కువ కావలెను. అప్పుడప్పుడు ఆకురాయితో అంచును పదును పెట్టవలెను.

పెద్ద పెరళ్ళకు చక్రము గల కలుపు పనిముట్టు అనుకూలము. దానిని నిలబడి నడచుచు ముందుకు వెనుకకు త్రోయుదురు. భోపాలులోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ ఇట్టి పనిముట్లపై కృషి చేసినది.

పని చేయు విధము

పొడుగు కామ పనికి మొదటి మెట్టు విత్తునాడే పడును. గింజలను వెదజల్లినచో పార నడచుటకు దారి ఉండదు. పలకకంటె కొంత ఎక్కువ ఎడముతో సాళ్ళుగా విత్తవలెను.

కలుపు రెండు మూడు ఆకులతో లేతగా నున్నప్పుడే, వాన తెరపి ఇచ్చి మట్టి పైపొర ఆరిన ఉదయమున దోకవలెను. వేళ్ళు తెగిన మొక్క ఎండకు వాడిపోవును. అంగుళమునకు మించి లోతు పోరాదు. లోతుగా త్రవ్వినచో అడుగున నిద్రించు కలుపు గింజలు పైకి వచ్చి మొలచును. ఒక పాదము ముందు, ఒక పాదము వెనుక నుంచి, చేతులతో మాత్రమే గాక శరీరపు ఊపుతో లాగవలెను. కొంతసేపటికొకమారు చేతులు మార్చుకొనవలెను.

మొక్క మొదలున నున్న కలుపును చేతితోనే తీయవలెను. తుంగ గడ్డలను దోకుటవలన నిర్మూలింప వీలుకాదు, త్రవ్వి ఏరవలెను. వయ్యారిభామను ముట్టిన కొందరికి దద్దురులు, ఉబ్బసము కలుగును గనుక, దానిని పూయకమునుపే చేతికి తొడుగు వేసికొని పెరుకవలెను. జిగట నేల తడిసియున్నప్పుడు పార వాడరాదు.

మరియొక మేలు

వానకాలమున గుబురుగా పెరిగిన గడ్డిలో పాములు దాగియుండును. పొట్టి పనిముట్టుతో చేయు వ్యక్తి చేయియు ముఖమును గడ్డికి దగ్గరగా నుండును. పొడుగు కామ ఆ దూరమును పెంచును. అయినను పాదములకు మూసిన చెప్పులు తొడుగుట అవసరము. అందువలన మట్టిలోని కొంకిపురుగుల నుండియు రక్షణ కలుగును. పాము కరచినచో గాయమును కోయరాదు, గట్టిగా కట్టు బిగింపరాదు, మంత్రములతో కాలము పుచ్చరాదు. కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

పొడుగు కామ ఉన్న నొప్పిని మాన్పు మందు కాదు. రానున్న నొప్పిని తగ్గించు ఉపాయము. నడుము నొప్పి కాలిలోనికి ప్రాకినను, కాలు తిమ్మిరెక్కి బలము తగ్గినను, మూత్రము పట్టు తప్పినను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

వచ్చే వానలకు ముందే, విత్తనములు సిద్ధపరచునప్పుడే, పెరటిలో పనిచేయు స్త్రీని నిలబెట్టి ఆమె కొలతకు కామను కోయించుట ప్రతి గృహస్థుని విధి.