వార్డు గ్రూపులో కౌన్సిలర్ అప్‌డేట్: ఏది మున్సిపాలిటీ పని, ఏది కాదు?

‘మన వార్డులో మోరీల పూడికతీత పూర్తి. రెండు వీధి దీపాలు మార్పించాం. సీసీ రోడ్డు మంజూరైంది. కల్యాణలక్ష్మి చెక్కులు పంపిణీ చేశాం. రేపు నల్లా నీళ్లు ఆలస్యం.’ కింద నాలుగు ఫొటోలు, చేతులు జోడించిన బొమ్మలు.

ఇది ఎవరో పెట్టిన మెసేజ్ కాదు, మేం రాసుకున్న నమూనా. ఆలేరులోనే కాదు, ఏ చిన్న పట్టణంలోనైనా వార్డు వాట్సాప్ గ్రూపు తెరిస్తే దాదాపు ఇలాంటిదే కనిపిస్తుంది. చూస్తాం, ఓ దండం బొమ్మ పెట్టి వదిలేస్తాం. కానీ ఇందులోని పనులన్నీ ఒకే ఆఫీసువి కావు. పని ఆగినప్పుడు ఎవరిని అడగాలన్నది ఇక్కడే తేలుతుంది.

సర్పంచ్ వేరు, కౌన్సిలర్ వేరు

ఆలేరు 2018 ఆగస్టు వరకు గ్రామ పంచాయతీ. ఆ నెలలో రాష్ట్రంలో కొత్తగా ఏర్పడిన మున్సిపాలిటీల్లో ఇదీ ఒకటి. 12 వార్డులు చేశారు. 2020 జనవరిలో తొలిసారి కౌన్సిలర్లను ఎన్నుకున్నారు. 2025 జనవరి 26న ఆ పాలకవర్గం ఐదేళ్ల గడువు ముగిసింది, పగ్గాలు ప్రత్యేకాధికారి చేతికి వెళ్లాయి.

ఈ చరిత్ర ఎందుకంటే, ఇంకా చాలామంది కౌన్సిలర్‌ను సర్పంచ్ లెక్కనే చూస్తున్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామంలో సర్పంచ్, ఉప సర్పంచ్‌లకు కలిపి చెక్కుపై సంతకం చేసే అధికారం ఉంది. వార్డు కౌన్సిలర్‌కు అలాంటిదేమీ లేదు. ఆయనో ఆమెనో సమస్యను కౌన్సిల్ సమావేశంలో లేవనెత్తగలరు, చర్చించగలరు, తీర్మానంపై ఓటు వేయగలరు, సిబ్బంది వెంటపడి పని చేయించగలరు. తీర్మానాన్ని అమలు చేసేది కమిషనర్, ఆయన కింది ఇంజినీరింగ్, శానిటేషన్ విభాగాలు. ‘మేం మార్పించాం’ అనే మాటకు అర్థం చాలాసార్లు ‘మేం చెప్పాం, వాళ్లు మార్చారు’ అనే. అది చిన్న పనేం కాదు, చెప్పేవాళ్లు లేని గల్లీలో దీపం నెలల తరబడి వెలగదు. కానీ రెంటికీ తేడా ఉంది.

‘మంజూరైంది’ అంటే ఏ దశలో ఉన్నట్టు?

అప్‌డేట్‌లలో అన్నిటికన్నా జారుడు మాట ఇదే. ఒక సీసీ రోడ్డు ముందు ప్రతిపాదనగా మొదలవుతుంది. ఇంజినీరు కొలతలు తీసి అంచనా తయారు చేస్తారు. కౌన్సిల్ తీర్మానం, ఆ తర్వాత సాంకేతిక మంజూరు. అప్పుడు టెండరు, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు. పని జరిగాక ఎంత జరిగిందో ఇంజినీరు మెజర్‌మెంట్ బుక్‌లో రాస్తేనే బిల్లు తయారవుతుంది. బిల్లు రాదన్న భయంతో కాంట్రాక్టరు టెండరు దాకా రాకపోవడం, వచ్చినా సగంలో కంకర పోసి వెళ్లిపోవడం చిన్న పట్టణాల్లో కొత్త సంగతి కాదు.

మంజూరు మెసేజ్ ఇందులో ఏ మెట్టు మీద నిలబడి పెట్టిందో మనకు తెలియదు. తీర్మానమైన రోజూ ‘మంజూరైంది’ అంటారు, కొబ్బరికాయ కొట్టిన రోజూ అదే అంటారు. అందుకే గ్రూపులో ఒక్క ప్రశ్న వేయండి: ‘అన్నా, వర్క్ ఆర్డర్ ఇచ్చారా? ఏ తేదీ?’ ఇచ్చి ఉంటే జవాబు ఒక్క లైన్‌లో వస్తుంది. ఇంకా ఇవ్వలేదంటే కనీసం తీర్మానం నంబరు అడగండి.

డబ్బు ఎక్కడిదన్నదీ ముఖ్యమే. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇలాంటి పట్టణాలకు సిఫార్సు చేసిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి కట్టేసినవి. వాటిని తీసుకెళ్లి రోడ్డుకు పెట్టడానికి వీల్లేదు. మిగిలిన 40 శాతానికే వెసులుబాటు. ‘మోరీకి డబ్బులుండి రోడ్డుకెందుకు లేవు’ అని అడిగితే కౌన్సిలర్ నీళ్లు నమలడానికి కారణం ఒక్కోసారి ఇదే కావచ్చు.

చెక్కులు, రేషన్ కార్డులు, కరెంటు స్తంభాలు

కల్యాణలక్ష్మి కింద ఇచ్చే 1,00,116 రూపాయలు మున్సిపాలిటీవి కావు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పడుతుంది, విచారణ తహసీల్దారు ఆఫీసు చేస్తుంది, చెక్కు సాధారణంగా ఎమ్మెల్యే చేతుల మీదుగా అందుతుంది. ఫొటోలో కౌన్సిలర్ పక్కన నిలబడి ఉంటారంతే. ఆలస్యమైతే కౌన్సిలర్ ఇంటి చుట్టూ తిరిగినందువల్ల ఫైలు కదలదు, తహసీల్దారు ఆఫీసులో ఎక్కడ ఆగిందో కనుక్కోవాలి. రేషన్ కార్డుదీ అదే దారి.

వీధి దీపం మున్సిపాలిటీది. ఒరిగిన స్తంభం, పేలిన ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ పంపిణీ సంస్థవి. హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి, రైల్వే స్టేషన్ కేంద్ర సంస్థల పరిధిలోవి. వాటిపై కౌన్సిల్ వినతిపత్రం ఇవ్వగలదు, ఆదేశం ఇవ్వలేదు.

మొక్క ఎండితే పదవికే ఎసరు

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. మొక్కలు నాటే కార్యక్రమం రోజున మొక్క నాటిన ఫొటో వస్తుంది, ఆరు నెలల తర్వాత ఆ మొక్క ఫొటో రాదు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం వార్డులో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. నిర్లక్ష్యం వల్ల బతక్కపోతే వార్డు సభ్యుడి పదవి పోయే నిబంధన అందులో ఉంది. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలి.

అదే చట్టం వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలంది: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు. ఒక్కోదానిలో 15 మంది. వార్డుకు 60, ఆలేరు మొత్తానికి 720 మంది. రాజ్యాంగం 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లోనే వార్డు కమిటీలు తప్పనిసరి అంటే, రాష్ట్ర చట్టం ఆలేరు అంత ఊళ్లకూ తెచ్చింది. మీ వార్డు కమిటీల్లో ఎవరెవరున్నారో గ్రూపులో అడిగి చూడండి. మీ ఇంటి పక్కాయన పేరే ఉండొచ్చు, ఆయనకే తెలియకుండా.

కౌన్సిలరే లేకపోతే?

ప్రత్యేకాధికారి పాలనలో కౌన్సిల్ సమావేశాలుండవు, అడిగే గొంతూ ఉండదు. మాజీల మెసేజ్‌లు మాత్రం ఆగకపోవచ్చు. అప్పుడు నేరుగా కమిషనర్‌కు రాసి, దరఖాస్తు అందినట్టు రసీదు తీసుకోవాలి. కదలకపోతే సోమవారం భువనగిరి కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. తీర్మానం కాపీ, అంచనా, మెజర్‌మెంట్ బుక్ పేజీలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇక నమూనాలో చివరి లైను, ‘రేపు నల్లా నీళ్లు ఆలస్యం’. దానికి ఫొటో ఉండదు, దండాలూ తక్కువే, జనానికి పనికొచ్చేది మాత్రం అదే. ఇక్కడ అడగాల్సింది ఒక్కటే: ట్యాంకుకే నీళ్లు రాలేదా, ట్యాంకు నుంచి మన గల్లీకి రాలేదా? మొదటిదైతే మిషన్ భగీరథ అధికారులను అడగాలి. రెండోదైతే మున్సిపాలిటీ వాల్వ్, మున్సిపాలిటీ పైపు. కౌన్సిలర్ ఫోన్ చేయాల్సిన పని అదే.