అన్నం లేకుండా చేప... ఎలాగండీ?

షుగర్ ఉన్నవాళ్లకు ‘రాత్రిపూట అన్నం తగ్గించండి’ అని చెప్పగానే మా ఓపీలో వచ్చే మొదటి ప్రశ్న... ‘మరి చేపల పులుసు దేంతో తినాలండీ?’ సరదాకి అడిగేది కాదది. కోనసీమలో చేప వండిన రోజున ఇంటిల్లిపాదికీ అన్నం నాలుగు ముద్దలు ఎక్కువే దిగుతుంది. చేపలో పిండిపదార్థం దాదాపు ఉండదు. రక్తంలో చక్కెరను పెంచేది పులుసు కింద పోగుపడే అన్నమే. 150 గ్రాముల అన్నంలో 40 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది.

అందుకే నేను చేప కట్‌లెట్ చేసుకోమంటాను. బజారులో దొరికేది కాదు సుమా! దాంట్లో మైదా, కార్న్‌ఫ్లోర్ కలిపి, పైన బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయిస్తారు. పక్కనిచ్చే తెల్ల సాసు చిక్కబడటానికీ చాలాచోట్ల మైదానే వేస్తారు. అన్నం మానేసి, మరో ధాన్యం తిన్నట్టే కదా.

ఇంట్లో చేసేటప్పుడు ముద్ద విడిపోకుండా పిండి బదులు కంద వాడండి. కందబచ్చలి కూర వండుకునే మనకు అదేమీ కొత్త కాదు. 150 గ్రాముల కంద ముక్కల్ని కాస్త చింతపండు వేసి ఉడికిస్తే దురద ఉండదు. నీళ్లు పూర్తిగా వార్చి, ఆరనిచ్చి మెదపాలి. పండుగప్పో, కొరమీనో, ముళ్లు తక్కువుండే చేప అర కిలో తీసుకుని, ఉప్పు, పసుపు రాసి ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. చల్లారాక ముళ్లు ఏరాలి. ఇక్కడ తొందరపడొద్దు, పిల్లలూ పెద్దవాళ్లూ తినేది మరి. కంద, ఒక గుడ్డు, ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, మిరియాల పొడి కలిపి ఎనిమిది కట్‌లెట్లు చేసి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే గట్టిపడతాయి. పెనం మీద రెండు మూడు చెంచాల నూనెతో ఒక్కో వైపు నాలుగు నిమిషాలు కాల్చండి. కింద ఎర్రబడకముందే తిప్పితే విరిగిపోతాయి. ఒక్కోదానిలో సుమారు 10 గ్రాముల ప్రొటీన్, 3 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి.

సాసుకు రెండోసారి పిండిన కొబ్బరిపాలు ఒక కప్పు చాలు. నానబెట్టిన ఆరేడు జీడిపప్పులు, రెండు వెల్లుల్లి రేకలు రుబ్బి అందులో కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ ఉండండి. తెర్లనిస్తే విరుగుతుంది. దించాక నిమ్మరసం పిండాలి. మన దగ్గర కొబ్బరి తగ్గించమంటే ముఖం మాడ్చుకుంటారు గానీ, మొదటి పాలలో సంతృప్త కొవ్వు బాగా ఎక్కువ. కొలెస్ట్రాల్ ఉన్నవారు రెండు చెంచాల సాసుతో ఆపాలి.

గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ పిల్లలకూ ఇది పనికొస్తుంది. వాళ్లకు అన్నంతో ఇబ్బంది లేదు. ఇంగువ వేసే అలవాటుంటే మాత్రం డబ్బా మీద చదవండి, చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఒక పెద్దాయన షుగర్ తగ్గాలని రాత్రి అన్నం ఒక్కసారిగా మానేశారు. మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నారు. అర్ధరాత్రి ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకుని తీసుకొచ్చారు. చూస్తే షుగర్ 50 కూడా లేదు. గ్లూకోజ్ ఎక్కించాక తేరుకున్నారు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు అన్నం మానే ముందు డాక్టరుతో డోసు గురించి మాట్లాడాలి. అంతవరకూ కట్‌లెట్లతో పాటు కాస్త అన్నం ఉండనివ్వండి. వణుకు, చెమటలు వస్తే షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడాలి. మిషన్ లేకపోతే ఆగకుండా పంచదార నీళ్లు తాగేయండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

కిడ్నీ జబ్బున్నవారికి ప్రొటీన్‌కూ, కంద, కొబ్బరిలోని పొటాషియానికీ లెక్క వేరుగా ఉంటుంది. వారు అడిగాకే తినాలి.