ధర్మవిందునకు ముస్తాబు

గత చైత్రమాసమున జిల్లా పట్టణమందొక పెద్ద హోటలులో ధర్మార్థమై సాయంకాలపు విందు జరిగినది. తల్లిదండ్రులు లేని ఆడపిల్లల చదువునకు ధనము కూర్చుట దాని యుద్దేశము. టిక్కెట్టు మనిషికి వేయి రూపాయలు. మా అన్నవరమునుండి ఎనమండ్రము తల్లులము పోయి వచ్చితిమి. సోదరీమణులారా, ఆ విందుకన్న దానికై మేము పడిన ప్రయాసయే ముందుగా చెప్పదగినది.

రత్నగిరి క్రింద కాపురముండు వారికి జనసమ్మర్దము క్రొత్త కాదు. కార్తికము వచ్చెనా, సత్యనారాయణస్వామి వ్రతమునకు వచ్చు దంపతులతో కొండ నిండిపోవును. పట్టుచీరల రెపరెపలును, విస్తరాకులో కట్టిన గోధుమరవ్వ ప్రసాదపు నేతివాసనయు మాకు నిత్యపరిచితములు. అయితే మేమెప్పుడును చూచువారమే గాని చూడబడువారము కాము. ఒక సభకు మమ్ము పేరుపెట్టి పిలుచుటయే యరుదు. అందుచేత పిలుపు వచ్చిన దినమునుండి మా వీథిలో వేఱొక ప్రసంగము లేకపోయినది.

ఉప్పాడ జాందానీచీర లేనిదే పోరాదని యొకరు, అందఱును ఒకే రంగు కట్టవలెనని మఱియొకరు. ఆ రంగేదో తేలుటకు నాలుగు దినములు పట్టినది. బ్యాంకు లాకరులోని కాసులపేరు తెప్పించుటకు ఒకామె భర్తచేత సెలవు పెట్టించినది. కడియమునుండి మల్లెలు తెమ్మని తెలిసినవారికి పురమాయించితిమి. బ్యూటీపార్లరులో ముఖమునకు పూతలు వేయించుకొని, ఆరునంతవఱకు నవ్వరాదని చెప్పగా, ఎనమండ్రమును ఒకరినొకరు చూచి నవ్వి దానిని పాడుచేసికొంటిమి.

దీనిని పరిహసించుటకు మాకు మనసొప్పదు. అడవికి వచ్చిన సీతకు అనసూయవంటి తపస్విని చీరను, నగలను, మైపూతలను ఇచ్చి, అలంకరించుకొమ్మని కన్నులపండువుగా చూచుకొన్నది. నారచీరల నడుమనే లేని తప్పు మా వీథిలో ఎక్కడనుండి వచ్చును? దినమునకు మూడుమారులు పొయ్యి వెలిగించు స్త్రీ యేడాదికొక సాయంకాలము కొప్పులో పూలు తుఱుముకొని కారెక్కుట నేరము కాదు.

రవికెల సంగతి మాత్రము వేఱు. ఎనిమిదింటిని మా వీథి చివర కుట్టుమిషను పెట్టుకొన్న యామెయే కుట్టినది. మగ్గం వర్కు సహితము ఆమె చేతిదే. పది దినములు గడువు. కడపటి రాత్రి ఒంటిగంట దాటినను మిషను చప్పుడు వినబడుచునే యుండెను. ఆమె కూఁతురును మా పిల్లలును ఒకే తరగతి. అనగా ఆమెయు మావలెనే ఒక తల్లి. తెల్లవాఱి చివరి రవికె తెచ్చి యిచ్చి, కాగితములో మడిచిన మూడువందల రూపాయలు మా చేతిలో పెట్టినది. “నాకు టిక్కెట్టెందుకండీ, మేష్టారమ్మగారండీ! ఇది ఆ పిల్లలకిచ్చేయండి” అన్నది. అప్పటివఱకును ఆమెను మాతో రమ్మని పిలువవలెనన్న యూహ మాలో నొక్కరికైనను కలుగలేదు. ఇది వ్రాయుటకు సిగ్గగుచున్నది.

విందు మిక్కిలి వైభవముగా జరిగినది. దీపములు, వాద్యములు, ఫోటోలు, చక్కని చీరకు ఒక బహుమానము, ఉపన్యాసములు మూడు. దాతల పేర్లు వేదికపై చదివిరి. మేము మూడువందలు తీసికొనిపోయి యిచ్చినపుడు బల్లయొద్దనున్న యువకుడు టిక్కెట్టు సంఖ్య యెంతయని యడిగెను. సంఖ్య లేదంటిమి. సంఖ్య లేనిదే పేరు వ్రాయు గడి పుస్తకములో లేదట. మర్యాదగానే “ఇతరములు” అను చోట 300 అని వ్రాసికొనెను. అతనిపై మాకు కోపము లేదు. ఆ పుస్తకమట్లు గీయబడినది.

ఇంటికి వచ్చి లెక్క వ్రాసితిమి. చీరలు మఱల కట్టుకొనవచ్చును గనుక వానిని విడిచితిమి. రవికెలకు 12,000, కారుకు 4,000, పార్లరుకు 6,400, పూలకు 1,200. వెరసి 23,600 రూపాయలు. టిక్కెట్లకు 8,000 చెల్లింపగా, అందులో సగము భోజనముల ఖర్చని వారే ప్రకటించిరి. అనాథబాలికలకు మా యెనమండ్రవలన చేరినది 4,000. ఆ 23,600లో రవికెల సొమ్మైనను కష్టపడిన యొక తల్లి చేతికి చేరినదని యూరడిల్లితిమి. కాని ఆమె యిచ్చిన మూడువందలలో కారునకుగాని పూలకుగాని పోయినది లేదు.

ఆ రాత్రి మాకు దుర్గాబాయి కథ జ్ఞప్తికి వచ్చినది. అదియును మాకు దూరము కాని కాకినాడలోనే జరిగినది. 1921 మార్చి కడపట బెజవాడలో కూడిన కాంగ్రెసు సంఘము తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చవలెనని తీర్మానించెను. వెంటనే ఏప్రిలు మొదటి దినములలో గాంధీగారు కాకినాడకు వచ్చిరి. 1909లో రాజమహేంద్రవరమున పుట్టిన దుర్గాబాయికి అప్పటికి పండ్రెండేండ్లు నిండలేదు. ఊరి దేవదాసీలును, ఘోషాలోనుండు ముసల్మాను స్త్రీలును ఆయన మాట వినవలెనని ఆ బాలిక పట్టుపట్టినది. పెద్దమనుష్యుల యిల్లాండ్రు కూర్చున్న సభలో అట్టివారికి చోటెక్కడిది? వారికి వేఱుగా సభ కావలెను. అయిదువేల రూపాయలు తెచ్చినచో గాంధీగారి సమయములో కొన్ని నిమిషములు ఇప్పింతుమని కార్యకర్తలనిరి. పిల్ల తేగలదా యని వారి తలంపు కాబోలు. ఆ స్త్రీలు అయిదువేలును సమకూర్చిరి. ఒక పాఠశాల యావరణములో సభ జరిగినది. కొన్ని నిమిషములకని వచ్చిన గాంధీగారు చాలసేపు నిలిచిపోయిరి. స్త్రీలు గాజులును, హారములును ఒలిచి యాయన ముందుంచిరి. అన్నియు కలిపి యిరువదియైదువేల రూపాయల విలువ చేసినవని చెప్పుదురు. దుర్గాబాయియు తన చేతి గాజులిచ్చివేసినది. అటుపిమ్మట ఊరి సభలో ఆయన యుపన్యాసమును తెలుగు చేసినదియు ఆ బాలికయే. 1937లో మదరాసున ఆంధ్రమహిళాసభను స్థాపించినది ఆమెయే యని మన పాఠకురాండ్రకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

వారు నగలు పెట్టుకొనియే సభకు వచ్చిరి, బోసిమెడలతో రాలేదు. తిరిగి పోవునపుడు ఆ నగలు వారి యొంటిమీద లేవు. మేము కాసులపేరుతో పోయితిమి, కాసులపేరుతోనే వచ్చితిమి, మఱునాడు లాకరులో పెట్టితిమి. పోనిండు, బంగారము బిడ్డల పెండ్లికని దాచినది. దానిని విడువుడని మేమెవరికిని చెప్పజాలము. మమ్ము బాధించినది మఱియొకటి. చోటు లేదని వెలుపల నుంచబడినవారే అక్కడ ఎక్కువగా ఇచ్చిరి. ఇక్కడను అట్లే జరిగినది.

మన గోదావరిలంకలలోనే డొక్కా సీతమ్మగారు (1841–1909) ఉండిరి. లంకల గన్నవరమున వచ్చినవారి కెల్ల అన్నము పెట్టిన తల్లి. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవమునకు పిలుపు వచ్చినను ఆమె పోలేదనియు, ఆమె ఛాయాపటమునే అచట కుర్చీలో నుంచిరనియు చెప్పుకొందురు. వచ్చినవారికి విస్తరి వేయవలసిన యామెకు ముస్తాబునకు తీరికెక్కడిది?

ఈ యేడును పిలుపు వచ్చినది. టిక్కెట్టు 1,200 చేసిరి. ఈసారి మొదటిదినముననే కూడి, కుట్టునామెకు మేము టిక్కెట్టు కొందుమని యనుకొంటిమి. అందఱును వెంటనే ఒప్పుకొనిరని చెప్పినచో అది యబద్ధము. ఆమెకక్కడ తోచదేమో యని యొకరు, పదిమందిలో బిడియపడునేమో యని యింకొకరు అనిరి. ఆమెకా బిడియము, మనకా యని మూడవవారు అడిగిన పిమ్మట గాని మాట తేలలేదు.

పోయి చెప్పితిమి. ఆమె మెడలోని టేపు తీయకుండగనే విని నవ్వినది. “నేనొస్తే మీ ఎనిమిది రవికెలూ ఎవరు కుడతారండీ?” అన్నది.

ఈసారి క్రొత్త రవికెలు వలదని నిశ్చయించుకొంటిమి. ఆమెకొక్కటి మేమే కుట్టి యీయవలెనని కూడ అనుకొంటిమి. మాలో సూది పట్టుట వచ్చినవారు ఇద్దఱే; అందులో ఒకరికి కంటిచూపు ఆనదు. గుడ్డ కత్తిరించుట మాత్రము ఆమెనే యడుగవలసి యున్నది.